రీజెన్సీ ప్రేమకథలు, ఆ కాలపు మిస్టరీలు: అపోహలు – వాస్తవాలు

పెద్ద బంగళాలో విందు, పొగరున్న ఒక డ్యూకు, మాటకి మాట అప్పజెప్పే అమ్మాయి, పుస్తకాల గదిలో ఒక శవం. ఇవి సమకూరితే రీజెన్సీ నవల, అంటే పందొమ్మిదో శతాబ్దం మొదట్లోని ఇంగ్లండులో జరిగే కథ, తయారైనట్టేనని చాలామంది అనుకుంటారు. ఇంగ్లీషులో ఈ నవలలు ఇష్టంగా చదివేవాళ్ళ కోసం, తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళ కోసం, సొంతంగా రాయాలనుకునేవాళ్ళ కోసం ఈ వ్యాసం. రాతప్రతుల్లో మళ్ళీ మళ్ళీ కనబడే పొరపాట్లనే ఇక్కడ తీసుకున్నాం.

అపోహ: సరదా కథే కదా, చరిత్ర ఉజ్జాయింపుగా ఉన్నా నడుస్తుంది.

వాస్తవం: ఈ నవలల్లో నవ్వు పుట్టేదే కట్టుబాట్లలోంచి. ఉత్తుత్తి నిశ్చితార్థం కథనే చూడండి. పెళ్ళి మాట ఇచ్చి తప్పిన మగవాడి మీద అమ్మాయి దావా వేసి, నష్టపరిహారం రాబట్టొచ్చు. పెద్దమనుషుల్లో అతని పరువూ పోతుంది. అమ్మాయి మాత్రం మనసు మారిందని చెప్పి తప్పుకోవచ్చు. నలుగురూ నాలుగు మాటలంటారు కానీ అతనికి జరిగినంత నష్టం జరగదు. అందుకే ఇలాంటి కథలో పగ్గాలు హీరోయిన్ చేతిలో ఉంటాయి. హీరోకి ఎంత ఇబ్బందైనా, ఆమె వదిలేదాకా ఓపిక పట్టాల్సిందే. ఇది తెలియని రచయిత హీరో చేత "ఇక రద్దు చేసుకుందాం" అనిపిస్తాడు. అంతసేపూ కట్టుకొచ్చిన చిక్కుముడి ఆ ఒక్క మాటతో ఊడిపోతుంది.

నాట్యాల లెక్కా అంతే. ఒక రాత్రిలో ఒకే జంట రెండుసార్లకి మించి కలిసి ఆడితే హాలంతా పెళ్ళి గుసగుసలే. పెళ్ళికాని అమ్మాయి పరాయి కుర్రాడికి ఉత్తరం రాసిందంటే, ఇద్దరికీ మాట అయిపోయిందనే అర్థం. మూడో నాట్యానికి చెయ్యి చాపడం ఎంత సాహసమో పాఠకులకి ముందే తెలియాలి. అప్పుడే అతను చెయ్యి చాపిన క్షణంలో వాళ్ళ గుండె ఝల్లుమంటుంది.

అపోహ: రీజెన్సీ అంటే విక్టోరియా రాణి కాలమే.

వాస్తవం: మూడో జార్జి రాజుకి మతి చలించడంతో 1811 ఫిబ్రవరి 5న ఆయన కొడుకు రీజెంటుగా, అంటే రాజు బదులు పాలించేవాడిగా, రాజ్యభారం తీసుకున్నాడు. 1820 జనవరి 29న రాజు చనిపోవడంతో రీజెన్సీ ముగిసింది. మొత్తం తొమ్మిదేళ్ళే. విక్టోరియా గద్దెనెక్కింది 1837లో. ప్రచురణ రంగంలో ఈ పేరును కాస్త సాగదీసి 1795 నుంచి 1837 దాకా వాడేవాళ్ళున్నారు. అది పర్వాలేదు. వస్తువులు మాత్రం సంవత్సరానికి సరిపోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా దొర్లే తప్పు అగ్గిపుల్ల. గీస్తే వెలిగే అగ్గిపుల్లలు అమ్మకానికొచ్చింది 1827లో. అంతకుముందు ఇంట్లో నిప్పు లేకపోతే చెకుముకి రాయి, ఉక్కు ముక్క, మాడ్చిన నారబట్ట, కొసన గంధకం అద్దిన పుల్ల కావాలి. రాయిని కొడితే రవ్వ బట్ట మీద పడాలి, ఊదితే అది రాజుకోవాలి, దానికి పుల్ల అంటించాలి, ఆ తర్వాతే కొవ్వొత్తి. బట్ట చెమ్మగిల్లితే రవ్వ పట్టదు. మిస్టరీ రాసేవాళ్ళకి ఇది దొరికిన వరం: చీకటి గదిలో చప్పుడు విన్న మనిషి దీపం వెలిగించేలోపు హంతకుడు తాపీగా తోటలోకి దిగిపోవచ్చు.

తపాలా బిళ్ళ 1840లో వచ్చింది. లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు 1830లో మొదలైంది. బంగారు సావరిన్ నాణెం 1817లో వచ్చింది కాబట్టి అంతకుముందు జూదం బల్ల మీద గినీలు మోగాలి. గినీ అంటే 21 షిల్లింగులు, పౌండు అంటే 20. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలడంతో 1816లో ఇంగ్లండుకి వేసవే సరిగా రాలేదు, చలి, ముసురు. ఆ ఏడు జులైలో ఎండ కాస్తున్న తోటలో పిక్నిక్ పెట్టకండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పల్లెల్లో విందులూ నాట్యాలూ పున్నమి దగ్గర పెట్టుకునేవారు, బగ్గీలు వెన్నెల్లో తిరిగి వెళ్ళడానికి. కథలో తేదీ ఇస్తే ఆ రోజు తిథి లెక్కగట్టి చూసుకోండి. అమావాస్య రాత్రి "అతని ముఖం స్పష్టంగా చూశాను" అన్న సాక్షి అబద్ధమాడుతున్నట్టు. మీరు అనుకోకుండానే ఒక ఆధారం ఇచ్చేసినవాళ్ళవుతారు.

అపోహ: బిరుదులన్నీ ఒకటే, "మై లార్డ్" అంటే సరిపోతుంది.

వాస్తవం: డ్యూకుని "యువర్ గ్రేస్" అంటారు, "మై లార్డ్" అనరు. బ్యారొనెట్‌కి (లార్డుల కంటే కింది మెట్టు బిరుదు) "సర్" తర్వాత సొంత పేరు రావాలి, ఇంటిపేరు ఒక్కటే రాదు. మరి అతని భార్యకి "లేడీ" తర్వాత ఇంటిపేరు. "లేడీ" తర్వాత సొంత పేరు వచ్చిందంటే ఆమె డ్యూకు, మార్క్విస్, ఎర్ల్ వీళ్ళలో ఒకరి కూతురని అర్థం. తెలిసిన పాఠకులు ఈ ఒక్క పిలుపుతో ఆమె పుట్టినింటి హోదా పసిగట్టేస్తారు. మిస్టరీలో మారుపేరుతో తిరిగే ఆడమనిషి బయటపడేది కూడా చాలాసార్లు ఇక్కడే.

బిరుదుని వీలునామాతో ఎవరికీ రాసివ్వలేరు. పెంపుడు కొడుక్కి రాదు, పెళ్ళికి ముందు పుట్టిన కొడుక్కీ రాదు. "నీకోసం బిరుదు వదిలేస్తాను" అనే క్లైమాక్సు కూడా కుదరదు. బ్రిటన్‌లో బిరుదు వదులుకోవడానికి చట్టం వచ్చింది 1963లో. ఆ కాలంలో ఒక లార్డు మీద హత్యానేరం వస్తే విచారణ మామూలు కోర్టులో జరిగేది కాదు, పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో జరిగేది. ఈ ఒక్క అంశం మీద నవలంతా నడపొచ్చు.

అపోహ: పెద్దలు ఒప్పుకోకపోతే రాత్రికి రాత్రి గ్రెట్నా గ్రీన్ వెళ్ళి పెళ్ళాడి వచ్చేయొచ్చు.

వాస్తవం: లండన్ నుంచి స్కాట్లండు సరిహద్దులోని ఆ ఊరికి సుమారు 320 మైళ్ళు. మంచి రోడ్డు మీద అద్దె బండి గంటకి ఎనిమిది మైళ్ళు పోతుందనుకున్నా ఆగకుండా 40 గంటలు. పది, పదిహేను మైళ్ళకోసారి గుర్రాలు మార్చాలి. రాత్రి ఆగి పడుకుంటే మూడు నాలుగు రోజుల ప్రయాణం. ఖర్చు రెండు గుర్రాలకే మైలుకి షిల్లింగు పైన, నాలుగు గుర్రాలైతే దాదాపు రెట్టింపు, బండి తోలేవాళ్ళకి ఇనాములూ దారిసుంకాలూ వేరే. అన్నీ కలిపితే ఇంటి పనిమనిషి ఏడాది జీతం దాటుతుంది. జేబులో డబ్బు లేని హీరో ఈ పని ఎలా చేశాడో చెప్పి తీరాలి.

అసలు ఎందుకంత దూరం? 1753లో వచ్చిన వివాహ చట్టం ఇంగ్లండు, వేల్స్‌లకే వర్తిస్తుంది. దాని ప్రకారం 21 ఏళ్ళు నిండనివాళ్ళు లైసెన్సు మీద (చర్చిలో ముందుగా ప్రకటన చదివించకుండా పెళ్ళాడేందుకు ఇచ్చే అనుమతి) పెళ్ళాడాలంటే తండ్రి సమ్మతి కావాలి, లేకపోతే ఆ పెళ్ళి చెల్లదు. స్కాట్లండులో ఆ అడ్డు లేదు, సాక్షుల ఎదుట ఒప్పుకుంటే చాలు. అమ్మాయికి 21 దాటితే ఇంగ్లండులోనే నిక్షేపంగా పెళ్ళి చేసుకోవచ్చు. 24 ఏళ్ళ హీరోయిన్‌ని గ్రెట్నాకి పరిగెత్తించే ముందు కారణం వెతుక్కోండి.

లైసెన్సు లేని దారి కూడా ఒకటుంది. మన చర్చిల్లో ఇప్పటికీ బ్యాన్స్ చదువుతారు కదా, అలాగే మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదివించడం. మైనరైనా, తండ్రి వచ్చి బాహాటంగా అడ్డు చెప్పకపోతే ఆ పెళ్ళి చెల్లుతుంది. లండన్‌లోని పెద్ద పారిష్‌లో (ఒక చర్చి కిందికి వచ్చే పేట) ఎవరి పేరు ఎవరు వింటారు? గ్రెట్నా కంటే ఇది చవక, కథకి కొత్తదనం కూడా. ఇక "స్పెషల్ లైసెన్సు" ఇచ్చేది ఒక్క కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే. ఊళ్ళో పాదిరీ దగ్గర అది దొరకదు. అది లేనివాళ్ళ పెళ్ళి చర్చిలోనే, ఉదయం 8 నుంచి 12 లోపే జరగాలి. కాబట్టి సాయంత్రం దీపాల వెలుగులో పెళ్ళి అందంగా ఉన్నా, స్పెషల్ లైసెన్సు లేకపోతే తప్పే.

అపోహ: హత్య జరగ్గానే స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ వస్తాడు.

వాస్తవం: లండన్ మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడింది 1829లో, అందులో డిటెక్టివ్ విభాగం 1842లో. రీజెన్సీ కాలంలో ఉన్నది పారిష్ కానిస్టేబులు, రాత్రి కావలివాళ్ళు, మేజిస్ట్రేట్లు, లండన్‌లోని బో స్ట్రీట్ మేజిస్ట్రేటు ఆఫీసు అధికారులు. ఈ చివరివాళ్ళని జనం "రన్నర్లు" అనేవారు, వాళ్ళకి మాత్రం ఆ పేరు గిట్టేది కాదు. పెద్ద కేసులు చూసే బో స్ట్రీట్ అధికారులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఊరు దాటి రావాలంటే రోజుకి ఒక గినీ, పైన ఖర్చులు ఎవరో ఒకరు ఇచ్చుకోవాలి.

పద్ధతి ఇలా నడుస్తుంది. శవం కనబడగానే కరోనర్‌కి, అంటే అనుమానాస్పద మరణాల్ని విచారించే అధికారికి, కబురు వెళ్తుంది. ఆయన కనీసం పన్నెండుమంది మగవాళ్ళతో జ్యూరీ కూరుస్తాడు. మన శవ పంచనామా లాంటిదే అయినా, తీర్పు చెప్పేది ఆ పన్నెండుమందే. వాళ్ళు శవాన్ని కళ్ళారా చూడాలి. పెద్ద గది కావాలి కాబట్టి ఇది తరచుగా ఊరి సత్రంలోనే జరిగేది. హత్య అని తేలాక నిందితుణ్ణి కోర్టుకి ఈడ్చే బాధ్యత ఎక్కువగా చనిపోయినవాళ్ళ కుటుంబానిదే, ఖర్చూ వాళ్ళదే. పేదవాడి హత్య కేసు మూలపడటానికి ఇదొక పెద్ద కారణం. కోర్టులో నిందితుడి తరపు వకీలు సాక్షుల్ని ప్రశ్నించొచ్చు కానీ, జ్యూరీ ముందు నిలబడి వాదించే హక్కు 1836 దాకా లేదు. వకీలు గంభీర ప్రసంగంతో హీరోని విడిపించే దృశ్యం రాసుంటే కొట్టేయండి.

1811 డిసెంబరులో లండన్ తూర్పు భాగంలోని రాట్‌క్లిఫ్ హైవే దగ్గర పన్నెండు రోజుల తేడాతో రెండు ఇళ్ళలో ఏడుగురు హత్యకి గురయ్యారు. అనుమానితుడు విచారణకి ముందే జైల్లో ఉరికి వేలాడుతూ కనబడ్డాడు. దేశమంతా వణికిపోయినా, ఒక్క చేతి కింద నడిచే పోలీసు రావడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. వ్యవస్థలోని ఈ ఖాళీయే మన ఔత్సాహిక డిటెక్టివ్‌కి చోటు. తెలివైన వితంతువో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన కెప్టెనో కేసులో వేలు పెట్టడం అసహజం కాదు, ఎవరో ఒకరు పెట్టాల్సిందే.

విషం సంగతి కూడా చెప్పాలి. పాషాణాన్ని (ఆర్సెనిక్) ఎలుకల మందుగా ఎవరైనా కొనుక్కోవచ్చు, ఆంక్షలు 1851లో వచ్చాయి. లక్షణాలు వాంతులు, విరేచనాలు, కడుపు జబ్బులాగే ఉంటాయి. శరీరంలో దాన్ని నమ్మకంగా పట్టుకునే మార్ష్ పరీక్ష 1836 నాటిది. వేలిముద్రలైతే ఇంకా దూరం: 1897లో కలకత్తాలో కార్యాలయం, 1901లో స్కాట్లండ్ యార్డ్‌లో. మరి ఆధారాలేమిటి? లక్క ముద్ర, కొవ్వొత్తి ఎంత కాలిందో, చుక్క పడింది తేనెమైనమా పశువుల కొవ్వా, సత్రంలో గుర్రాల లెక్క పుస్తకం. ఉత్తరాలు మరీ మంచివి. పోస్టు ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టాలి, దూరాన్ని బట్టీ కాగితాల సంఖ్యని బట్టీ. కవరు కూడా ఒక కాగితం కిందే లెక్క, అందుకే ఉత్తరాన్నే మడిచి లక్క వేసేవారు. కవరులో వచ్చిన ఉత్తరం అంటే ఖర్చుకి వెరవని మనిషి రాసిందన్నమాట.

అపోహ: ఆ సమాజంలో తెల్లవాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు.

వాస్తవం: 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచింది పాట్నా ప్రాంతం నుంచి వెళ్ళిన దీన్ మహమ్మద్. హైదరాబాదు రెసిడెంటు (నిజాం దగ్గర ఉండే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్, ఆయన భార్య ఖైరున్నీసాల పిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లండుకి పంపేశారు. వాళ్ళలో కిట్టీ 1802లో పుట్టింది, అక్కడే పెరిగి 1829లో పెళ్ళి చేసుకుంది. ఆమె తండ్రి కట్టించిన రెసిడెన్సీ భవనం ఇప్పటికీ కోఠీలో ఉంది. రీజెన్సీ హీరోయిన్‌కి హైదరాబాదు మూలాలు పెట్టడానికి కల్పన అక్కర్లేదు.

అపోహ: అనువాదానికి ఇంగ్లీషు వస్తే చాలు.

వాస్తవం: "కజిన్" అన్న ఒక్క మాట చాలు, తెలుగులో కథ తలకిందులు కావడానికి. ఇంగ్లండు చట్టంలో ఏ వైపు కజిన్‌నైనా పెళ్ళాడొచ్చు. తల్లులు అక్కచెల్లెళ్ళైతే మనకి వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. కాబట్టి చుట్టరికం ఏమిటో తేల్చుకోకుండా "బావ" అని రాసేయకండి, "కజిన్" అనే ఉంచండి. చనిపోయిన భార్య చెల్లెల్ని చేసుకోవడం మనకి మామూలే, అప్పట్లో అక్కడ అలాంటి పెళ్ళిని కోర్టులో కొట్టేయించొచ్చు. 1835 తర్వాత అసలే చెల్లలేదు, 1907లో గానీ అనుమతి రాలేదు. తెలుగు పాఠకులకి ఆ హీరో దిగులు అర్థం కావాలంటే ఒక వాక్యం అదనంగా పడాలి.

ఇక మీరు, నువ్వు. ఇంగ్లీషులో ఇద్దరి మధ్య దూరం తగ్గడం పిలుపులో కనబడుతుంది. "మిస్" తగిలించి ఇంటిపేరుతో పిలిచేవాడు ఒకరోజు ఆమె సొంత పేరుతో పిలుస్తాడు. తెలుగులో "మీరు" కాస్తా "నువ్వు" కావలసింది సరిగ్గా అక్కడే, అంతకు ఒక్క పేజీ ముందు కూడా వద్దు.