టమాటా ఉల్లిపాయ ‘పై’: అడుగు నానిపోతే తప్పు ఓవెన్‌ది కాదు

ఒడిశాలోని రాయగడలో ఇంటి దగ్గర బేకింగ్ నేర్పుతున్న నాకు, కేకు పొంగలేదన్న ఫిర్యాదు కంటే మైదా పిండి పొరలో కూరగాయలు నింపి ఓవెన్‌లో కాల్చే టమాటా ఉల్లిపాయ ‘పై’ (pie) అడుగు కాలలేదన్న ఫిర్యాదే ఎక్కువగా వస్తుంది. పైభాగం చక్కగా ఎర్రబడుతుంది, అంచులు కరకరలాడతాయి, కానీ ముక్క కోసి ఎత్తేసరికి అడుగు పచ్చిపిండిలా చాకుకు అంటుకుంటుంది. ఆ వెంటనే వచ్చే మాట కూడా నాకు కంఠతా వచ్చేసింది: ‘‘మా ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) మంచిది కాదు మేడం, ఇంకో పెద్దది తీసుకోవాలి.’’ ఈ రంగంలో ఇంతకంటే ఖరీదైన అపోహ మరొకటి లేదు.

టమాటాలో దాదాపు 95 శాతం, ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీరే ఉంటుంది. కాక తగిలేకొద్దీ ఆ నీరు బయటికి వచ్చి పిండి పొర మీద నిలుస్తుంది. నీరు నిలిచినంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. పిండి ఎర్రబడి గుల్లబారాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి తగలాలి. అందుచేత మీరు ఓవెన్‌ను 200 డిగ్రీల్లో పెట్టినా, 230కి పెంచినా, పైభాగం మాడుతుందే తప్ప అడుగు ఉడికిన ముద్దలాగే మిగిలిపోతుంది.

గుణుపురం నుంచి వచ్చి నేర్చుకున్న ఒక గృహిణి, ఆర్డర్ల మీద బేకింగ్ చేసి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలన్న ఆశతో, వాయిదాల మీద రెండో ఓటీజీ కూడా కొన్నారు. దానిలోనూ అడుగు నానిపోవడంతో, ఇంట్లో వాళ్లకు ఏమి చెప్పాలో తెలియక నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు. ఆవిడను అరకిలో టమాటాలతో మా ఇంటికి రమ్మన్నాను. సంతలో దొరికే చిన్న నాటు టమాటాలు తెచ్చారు. చారుకు వాటిని మించినవి లేవు కానీ, వాటి నిండా రసమూ గింజలే. చక్రాలుగా తరిగి, అర చెంచా ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో వేసి, కింద పళ్లెం పెట్టి అరగంట వదిలేశాము. ఎత్తి చూస్తే పళ్లెంలో లేత ఎరుపు నీరు పల్చగా పరుచుకుని ఉంది, చక్రాల అంచులు వాలిపోయి ఉన్నాయి. ఆ నీటిని టీ గ్లాసులో పోసి ఆవిడ చేతికి ఇచ్చి, ఇన్నాళ్లూ ఇదంతా మీ పిండిలోకే వెళ్లిందని చెప్పాను. ఆ రోజు మా పాత చిన్న ఓటీజీలోనే అడుగు గట్టిగా, ఎర్రగా వచ్చింది. గ్లాసులోని నీరు ఖట్టా (పులుపు, తీపి కలిసిన ఒడియా పచ్చడి)లోకి పనికొచ్చింది.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ క్రమం పాటించండి. కండ ఎక్కువగా ఉండే కోల టమాటాలు తీసుకుని, గింజలు తీసి, ఉప్పు చల్లి నీరు దిగనిచ్చి, పొడి గుడ్డతో అద్దండి. ఉల్లిపాయలను పచ్చిగా వేయకుండా, సన్నని సెగ మీద దాదాపు అరగంట, తేమ పోయి బంగారు రంగు వచ్చేవరకు వేయించి, పూర్తిగా చల్లారనివ్వండి. 200 గ్రాముల మైదాకు 100 గ్రాముల చల్లని వెన్న, మూడు నాలుగు పెద్ద చెంచాల ఐస్ నీళ్లు సరిపోతాయి. పరిచిన పిండి మీద బేకింగ్ పేపర్ వేసి, బరువుకు ఎండు శనగలు నింపి, 190 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, శనగలు తీసేసి మరో 8 నిమిషాలు కాల్చిన తరువాతే టమాటా, ఉల్లిపాయ నింపాలి. అడుగున ఒక చెంచా బొంబాయి రవ్వ చల్లితే మిగిలిన తేమను అది పీల్చుకుంటుంది. గాజు గిన్నె కంటే పల్చని లోహపు పళ్లెం అడుగుకు త్వరగా కాక అందిస్తుంది. దానిని కింది అరలో పెట్టి, కింది రాడ్ తప్పకుండా వేయండి.

గింజలు తీయమన్నానని, అవి తింటే కిడ్నీలో రాళ్లు వస్తాయన్న పుకారును నాకు అంటగట్టవద్దు. టమాటా గింజ రాయిగా మారదు. నేను తీయమన్నది కేవలం నీటి కోసమే. మైదా జిగురులా పేగులకు అంటుకుపోతుందన్నది కూడా వాట్సాప్ ప్రచారమే. అది మిగతా పిండి పదార్థాల లాగే అరుగుతుంది, దానికున్న లోపం పీచు తక్కువ కావడం. సగం గోధుమపిండి కలుపుకోవచ్చు, అప్పుడు నీళ్లు ఇంకో చెంచా పడతాయి. గుడ్డు అవసరం లేదు, పైన పాలు రాసినా రంగు వస్తుంది. చపాతీ పిండిలా బాగా పిసికితే మెత్తగా వస్తుందనుకోవడం పొరపాటు. పిసికేకొద్దీ సాగి గట్టిపడుతుంది.

కరెంటు బిల్లు గురించి భయపడేవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. 1500 వాట్ల ఓటీజీ గంటసేపు ఆగకుండా పనిచేసినా కాలేది ఒకటిన్నర యూనిట్లు, థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి నిజానికి అంతకూడా కాలదు. వోల్టేజీ మాత్రం మన వైపు పట్టించుకోవలసిన విషయం. 230 వోల్టులకు బదులు 180 వస్తే రాడ్ ఇచ్చే వేడి దాదాపు 60 శాతానికి పడిపోతుంది. సాయంత్రం పూట పది నిమిషాలు వేడిచేసి ఓవెన్ సిద్ధమైందనుకోవద్దు, ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆగండి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది కనుక, మే నెలలో మధ్యాహ్నం పిండి కలపకండి, తెల్లవారుజామున కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఓవెన్ నుంచి తీసిన తరువాత కనీసం ఇరవై నిమిషాలు చల్లారనివ్వకుండా కోస్తే, లోపలి రసం ఇంకా కుదురుకోక అడుగులోకి జారుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు 170 డిగ్రీల వద్ద పది నిమిషాలు ఓటీజీలోనే వేడి చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే పిండి మళ్లీ మెత్తబడిపోతుంది.