పరీక్షించకుండానే కొట్టేసిన మాట

గుంటూరులో ఎవరికైనా కడుపులో మంట అంటే ముందు మాట పడేది గోంగూర పచ్చడే. "ఆ కారం తగ్గించు, టెన్షన్ పెట్టుకోకు, వేళకు తిను" అంటారు ఇంట్లోవాళ్లు. ఇది మన పెద్దవాళ్లు పుట్టించిన మాటేం కాదు. నలభై ఏళ్ల కిందటి దాకా ప్రపంచమంతటా డాక్టర్లు చెప్పిందీ దాదాపు ఇదే. టెన్షన్ వల్ల, తిండి వల్ల యాసిడ్ పెరుగుతుంది, అది కడుపు గోడను తినేసి అల్సర్ చేస్తుంది అనేవారు. అంత యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదని గట్టిగా నమ్మేవారు.

ఈ నమ్మకానికి బలం 1954లో వచ్చింది. ఎడ్డీ పామర్ అనే అమెరికన్ డాక్టరు కడుపు లోపలి పొర నుంచి తీసిన వెయ్యికి పైగా ముక్కలను పరీక్షించి, బ్యాక్టీరియా జాడ లేదని రాశాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. మామూలుగా వాడే రంగు వేసి చూశాడు, అల్సర్‌కు కారణమని తర్వాత తేలిన హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఆ రంగులో సరిగ్గా కనపడదు. వెండి కలిసిన రంగు వేస్తే నల్లగా బయటపడుతుంది. అంత పెద్ద లెక్క చూశాక మళ్లీ వెతకాలని చాలామందికి అనిపించలేదు.

గ్రీసులో మిసోలోంగి అనే ఊళ్లో జాన్ లికూడిస్ అనే డాక్టరు ఉండేవాడు. 1958లో తన కడుపు జబ్బుకు యాంటీబయాటిక్స్ వేసుకుంటే పాత అల్సర్ బాధ కూడా తగ్గింది. దాంతో రోగులకూ అవే ఇవ్వడం మొదలుపెట్టాడు, వేల మందికి ఇచ్చాడు. అమెరికా వైద్య సంఘం పత్రికకు వ్యాసం పంపితే తిరిగొచ్చింది. సొంత దేశంలో విచారణకు పిలిచి 4,000 డ్రాక్మాల జరిమానా వేశారు. 1980లో ఆయన కన్నుమూశాడు.

పత్రికవాళ్లను నేను తప్పుపట్టను. లికూడిస్ బ్యాక్టీరియాను చూపించలేదు. మందు వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ పక్కపక్కన పెట్టి పోల్చలేదు. రోగులకు తగ్గిందన్న ఒక్క మాటే చాలనుకుంటే, నాటుమందు అమ్మే ప్రతివాడి మాటా నమ్మాల్సి వస్తుంది. కానీ జరిమానా సంగతి వేరు. ఏదైనా పెద్దాసుపత్రి ఆ పోలిక తనే చేసి చూసి ఉంటే నిజమో కాదో తేలిపోయేది. ఆయన చెప్పేది నమ్మమని ఎవరినీ బలవంతపెట్టక్కర్లేదు, ఒకసారి పరీక్షకు పెడితే చాలు. అది చేయకుండా మనిషిని శిక్షించారు. అణచివేత అంటే ఇదే. దీని మూలంగా ఎంతమంది కడుపు కోయించుకున్నారో తలచుకుంటే కోపం వస్తుంది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కథ ఇంకోలా నడిచింది. 1979లో రాబిన్ వారెన్ అనే డాక్టరు కడుపు ముక్కల్లో ఈ వంకర బ్యాక్టీరియాను గమనించి, వెండి రంగు వేసి ఖాయం చేసుకున్నాడు. తర్వాత బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు తోడయ్యాడు. ల్యాబులో దాన్ని పెంచాలని చూస్తే మొలవదు. రెండు రోజుల్లో ఏమీ కనపడకపోతే ప్లేట్లు పారేసే అలవాటు అక్కడ. 1982లో ఈస్టర్ సెలవులు రావడంతో ప్లేట్లు ఐదారు రోజులు అలాగే ఉండిపోయాయి, అప్పుడు మొలిచింది. ఆ మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని ఉదరకోశ వైద్యుల సంఘం సమావేశానికి పంపిన వ్యాసాన్ని తీసుకోలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు పట్టుకున్నాయి, ఎండోస్కోపీలో కడుపు పొర వాచి కనిపించింది. అల్సర్ దాకా పోలేదు గానీ, ఆరోగ్యంగా ఉన్న కడుపును ఈ బ్యాక్టీరియా జబ్బు చేయగలదని తేలింది. ఆ తర్వాత వేరే దేశాల డాక్టర్లు పోల్చి చూసిన పరీక్షల్లో, బ్యాక్టీరియాను తుడిచేస్తే అల్సర్ తిరగబెట్టడం బాగా తగ్గింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

యాసిడ్‌లో అది బతకడం వెనుక కిటుకు ఉంది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేసుకుంటుంది, దాంతో చుట్టూ ఉన్న యాసిడ్ బలం తగ్గిపోతుంది. కడుపులోంచి తీసిన చిన్న ముక్కను యూరియా కలిపిన పసుపు రంగు జెల్‌లో వేస్తే, బ్యాక్టీరియా ఉంటే అది గులాబీ రంగులోకి మారుతుంది. గుంటూరు కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో ఎండోస్కోపీ చేయించుకుంటే ఈ టెస్ట్ కూడా చేయించవచ్చు.

మిరపకాయ కొందరికి మంట పెంచుతుంది, అల్సర్‌ను పుట్టించదు. పెద్ద కారణాలు రెండు: ఈ హెచ్. పైలోరీ, విడవకుండా మింగే నొప్పిమాత్రలు. అల్సర్ అని తేలినవాళ్లు ఆ టెస్ట్ చేశారా లేదా అని డాక్టరుగారిని అడగండి. బ్యాక్టీరియా ఉండగా ఒట్టి యాసిడ్ మాత్రలతో సరిపెడితే, వాటిని ఆపాక పుండు మళ్లీ లేచే అవకాశం ఎక్కువ. యాంటీబయాటిక్స్ కోర్సు మాత్రం మధ్యలో ఆపకుండా పూర్తిగా వాడాలి.