3.3 వోల్టుల మీద ఆప్-ఆంప్: అపోహలు, వాస్తవాలు

"ఐసీ డూప్లికేట్ ఇచ్చారు సర్!" ప్రాజెక్టు పిల్లల నోట ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. మార్కెట్లో డూప్లికేట్లు లేవని అనను. కానీ ఆప్-ఆంప్, అంటే చిన్న సిగ్నల్‌ని పెంచే ఐసీ, మూడుసార్లు మార్చినా అవుట్‌పుట్ అదే వోల్టేజీ దగ్గర ఆగుతోందంటే, తప్పు ఐసీది కాదు, ఎంపికది.

అపోహ: ఎల్ఎమ్358 అనే ఆప్-ఆంప్‌కి సప్లై 3 వోల్టుల నుంచి మొదలని డేటాషీట్‌లోనే (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) ఉంది, కాబట్టి 3.3కి సరిపోతుంది.

వాస్తవం: ఆ 3 వోల్టులు ఐసీ పనిచేయడానికి కావాల్సినవి. అవుట్‌పుట్ ఎంతవరకు లేస్తుందో వేరే వరుసలో రాసి ఉంటుంది, అది చూడండి. సప్లైకి దాదాపు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 12 వోల్టుల్లో ఒకటిన్నర పోయినా తెలియదు. 3.3లో పోతే మిగిలేది 1.8, మహా అయితే 2. ఇన్‌పుట్‌కీ పైవైపు దాదాపు ఇంతే హద్దు.

ఒకబ్బాయి ఎల్ఎమ్35 ఉష్ణోగ్రత సెన్సర్‌కి 3.3 వోల్టుల మీద ఎల్ఎమ్358తో గెయిన్ 5 పెట్టి (అంటే సిగ్నల్‌ని 5 రెట్లు చేసి) ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకి ఇచ్చాడు. వేడినీళ్లలో ముంచినా రీడింగ్ 38 డిగ్రీలు దాటదు. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి తిరిగి సెన్సర్ మార్చాడు, ఐసీ మార్చాడు, చివరికి ఈఎస్‌పీ32 కూడా కొత్తది కొన్నాడు. రివ్యూ దగ్గర పడుతోందని మొహంలో నెత్తురు చుక్క లేదు. అవుట్‌పుట్ పిన్ మీద మల్టీమీటర్ పెడితే 1.9 వోల్టులు. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు, గెయిన్ 5తో 50. అంటే సరిగ్గా 38 డిగ్రీలు! అదే సాకెట్లో ఎంసీపీ6002 అనే రైల్-టు-రైల్ ఆప్-ఆంప్ (అవుట్‌పుట్ దాదాపు సున్నా నుంచి సప్లై దాకా వెళ్లేది) గుచ్చాం, పిన్లు అవే. రీడింగ్ 60 దాటింది. అంత డబ్బు అనవసరంగా పోయిందే అని నాకు ఇప్పటికీ బాధే.

అలాగని దాన్ని 12 వోల్టుల బోర్డులో పెట్టకండి. ఎంసీపీ6002 పనిచేసేది 1.8 నుంచి 6 వోల్టుల దాకానే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రైల్-టు-రైల్ అంటే కచ్చితంగా సున్నా దాకా దిగుతుందనుకోవద్దు, కొన్ని మిల్లీవోల్టులు మిగులుతాయి, లోడ్ పెరిగితే ఇంకా ఎక్కువ. ఆ మాట అవుట్‌పుట్‌కి రాశారా, ఇన్‌పుట్‌కి కూడానా చూసుకోండి. ఎల్ఎమ్‌వీ358 అనే ఇంకో ఆప్-ఆంప్ అవుట్‌పుట్ సప్లై దగ్గరికి వెళ్తుంది, ఇన్‌పుట్ మాత్రం 5 వోల్టుల సప్లై మీద 4 దాటాక నమ్మకం లేదు. కరెంటు తక్కువే కదా అని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మానేయకండి, సప్లై పిన్‌కి ఆనించి పెట్టండి. పొడవాటి కేబుల్ తగిలించగానే అవుట్‌పుట్ ఊగుతుంటే ఐసీ పీకక్కర్లేదు, అవుట్‌పుట్‌లో సిరీస్‌గా 100 ఓమ్స్ వేసి చూడండి.