కొండ జారిన ఏడాదిని చెట్టులో చదవడం

కొండచరియ విరిగిపడిన చోట రాళ్లూ మట్టీ మిగులుతాయి గాని తేదీ మిగలదు. శిథిలాల కింద దొరికిన కొమ్మకో వేరుకో మామూలు రేడియోకార్బన్ పరీక్ష (కలపలో మిగిలిన రేడియోధార్మిక కర్బనాన్ని కొలిచి వయసు కట్టే పద్ధతి) చేయిస్తే, అది ఫలానా కొన్ని దశాబ్దాల మధ్య చచ్చిపోయిందన్నంత వరకే జవాబు వస్తుంది. ఆ వాలు ఎన్నేళ్లకోసారి కదులుతున్నదో, దాన్ని కదిలించింది వానో భూకంపమో తేల్చడానికి ఆ జవాబు చాలదు. అందుకు సంవత్సరం కావాలి, వీలైతే ఋతువు కూడా తెలియాలి. ఆ వివరం ఆ వాలు మీద పెరిగిన చెట్ల కలపలో దొరుకుతుంది.

చలికాలంలో ఎదుగుదల ఆగిపోయే ప్రాంతాల్లో చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వసంతంలో పలుచని గోడలున్న పెద్ద కణాలతో లేతరంగు కలప, వేసవి చివర మందపు గోడలున్న చిన్న కణాలతో ముదురు కలప ఏర్పడతాయి. నేల కదిలి మాను ఒరిగినప్పుడు పైన్, స్ప్రూస్ వంటి సూది ఆకుల చెట్లు వంగిన వైపు, అంటే కింది వైపున, ఎరుపు కలిసిన గోధుమరంగు గట్టి కలపను పెంచి తమను తాము నిటారుగా నెట్టుకుంటాయి. ఆ ఏటి నుంచి వలయాలు కింది వైపు వెడల్పుగా, పై వైపు ఇరుకుగా సాగుతాయి. వెడల్పాటి ఆకుల చెట్లు దీనికి భిన్నంగా పై వైపున బిగువైన కలపను పెంచి మానును వెనక్కి లాక్కుంటాయి. దొర్లివచ్చిన బండ బెరడును చీలిస్తే ఆ గాయాన్ని తర్వాతి ఏళ్ల కలప అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది. స్ప్రూస్, లార్చ్ చెట్లయితే గాయం చుట్టూ జిగురు నాళాలను వరుసగా ఏర్పరుస్తాయి. ఆ వరుస లేత కలపలో ఉందా ముదురు కలపలో ఉందా అన్నదాన్ని బట్టి దెబ్బ తగిలిన కాలం దాదాపుగా తెలుస్తుంది.

దీనికోసం చెట్టును నరకనక్కరలేదు. బోలుగా ఉండే బరమాను బెరడు నుంచి దవ్వ దాకా దింపి, సుమారు 5 మిల్లీమీటర్ల మందమున్న కర్రపుల్లను బయటికి తీస్తారు. దాన్ని ఉప్పుకాగితంతో నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద వలయాల వెడల్పులు కొలుస్తారు. ఊరికే లెక్కపెడితే తప్పు జరగవచ్చు, ఎందుకంటే కష్టకాలంలో చెట్టు ఒక ఏటి వలయాన్ని వేయకపోవచ్చు కూడా. కాబట్టి కరవు ఏళ్ల ఇరుకు వలయాల క్రమాన్ని అనేక చెట్ల మధ్య సరిపోల్చి ప్రతి వలయానికీ సంవత్సరాన్ని ఖాయం చేస్తారు. ఈ పద్ధతికి పునాది వేసిన ఏ.ఈ. డగ్లస్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త.

ఒక్క చెట్టు ఒరగడానికి గాలి, మంచు బరువు, పక్క చెట్టు కూలడం వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. అందుకే ఏ ఏడాది ఎన్ని చెట్లలో ఒకేసారి మార్పు కనిపించిందో చూస్తారు. జారుడు ప్రాంతానికి బయట ఉన్న చెట్లలోనూ అదే మార్పు ఉంటే దాన్ని వాతావరణం ఖాతాలో వేసి పక్కన పెడతారు. నా దృష్టిలో ఈ శాస్త్రంలో అన్నిటికన్నా విలువైనది ఆ తర్వాత గీసే పటం. ప్రతి చెట్టు స్థానాన్నీ గుర్తించి, ఆ ఏడాది స్పందించిన చెట్లను మాత్రమే చుక్కలుగా పెడితే, కొండ అంతా కదిలిందా, ఒక అంచు మాత్రమే జారిందా అన్నది ఏడాదివారీగా కనిపిస్తుంది. అయితే పెద్ద విపత్తు తన సాక్షులను తానే తుడిచిపెడుతుంది. దాని తర్వాత మొలిచిన చెట్ల వయసు కనీస కాలాన్ని మాత్రమే చెప్పగలదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఉష్ణమండల వృక్షాల్లో చాలా వాటికి స్పష్టమైన వార్షిక వలయాలు ఉండవు కాబట్టి అక్కడ ఈ దారి ఇరుకు. మన అడవుల్లో ఆకు రాల్చే టేకుకు మాత్రం అవి చక్కగా ఉంటాయి.

అమెరికాలో సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సు అడుగున, ఒడ్డు నుంచి నేలతో సహా జారిపోయిన అడవి ముక్కలు మునిగి ఉన్నాయి. ఆ చెట్లలో కొన్నిటికి బెరడు ఇంకా ఉంది. బెరడు ఉందంటే చివరి వలయం చెక్కుచెదరలేదని అర్థం. సియాటిల్ తీరంలో సునామీ తెచ్చి పడేసిన ఇసుకలో దొరికిన ఒక దుంగ, ఈ సరస్సు చెట్లు ఒకే ఏడాది, ఎదుగుదల కాలం ముగిశాక చనిపోయాయని గోర్డన్ జాకోబీ బృందం 1992లో చూపింది. కొండ జారడం, సునామీ రావడం ఒకే భూకంపం పనేనన్న అనుమానానికి అలా గట్టి ఆధారం దొరికింది గాని, ఏ సంవత్సరమో అప్పటికి తేలలేదు.

ఆ సంగతి 2023లో తేలింది. క్రీ.శ. 774-775లో అంతరిక్షం నుంచి వచ్చిన తీవ్ర వికిరణం వల్ల వాతావరణంలో రేడియోకార్బన్ ఒక్కసారిగా పెరిగిందని జపాన్ శాస్త్రవేత్త ఫుసా మియాకే బృందం 2012లో కనిపెట్టింది. ఆ పెరుగుదల ప్రపంచమంతటా చెట్లలో ఆ కాలపు వలయంలోనే గుర్తుగా నిలిచింది. బ్రయాన్ బ్లాక్ బృందం సియాటిల్ ప్రాంతపు చెట్లలో ఆ గుర్తును పట్టుకుంది. 775 నాటి వలయం నుంచి బెరడు వైపు 148 వలయాలు లెక్కిస్తే వచ్చేది 923. ఆ ఏటి ఎదుగుదల పూర్తయ్యాక, 924 ఎదుగుదల మొదలయ్యేలోపు, అంటే ఆ చలికాలంలో, ఆ చెట్లు చచ్చిపోయాయి. ఆ భూకంపం ఒక భ్రంశం, అంటే నేల లోపలి రాళ్లు విరిగి జరిగే పగులు, కదలడం వల్ల వచ్చింది. మరో భ్రంశం కదలడం వల్ల ఇంకొక చోట నీట మునిగిన చెట్లూ అదే చలికాలంలో చనిపోయాయి. కాబట్టి రెండు భ్రంశాలూ కలిసి 7.8 తీవ్రతతో ఒకేసారి కదిలి ఉండాలి, లేదా 7.5, 7.3 తీవ్రతలతో కొద్ది వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి కదిలి ఉండాలి. 40 లక్షలకు పైగా జనం నివసించే ఆ ప్రాంతానికి అప్పటికి వాడుకలో ఉన్న భూకంప ప్రమాద అంచనాల్లో ఈ రెండు అవకాశాల్లో ఏదీ లేదు.