పరదా మీద ‘ఐదేళ్ల గ్యారంటీ’: అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి, మార్చిలో మిర్చి ఎండబెట్టేటప్పుడు, ఆ వెంటనే యాసంగి వడ్లు కల్లానికి చేరేటప్పుడు వరంగల్‌లో టార్పాలిన్ పరదాలకు గిరాకీ. అకాల వాన భయంతో వచ్చిన రైతు బేరం ఎక్కువసేపు ఆడడు. కౌంటర్ మీద వినిపించే మాట ఒకటే: “రెండు వందల యాభై జీఎస్ఎం, ఐదేళ్లు ఢోకా లేదు.” ఈ మాటలో మొదటి సగం పరదా బరువు లెక్క, దాన్ని కాంటా మీద తేల్చుకోవచ్చు. రెండో సగం ఏ కాంటాకూ అందదు. పెద్ద మోసం అక్కడే.

అపోహ: “గుంజి చూడండి, తాళంచెవితో పొడిచి చూడండి. చిరిగితే పైసలు వాపస్.”

వాస్తవం: కొత్తగా ఉన్నప్పుడు నాసిరకం పరదా కూడా గుంజుడుకు ఆగుతుంది. పరదాను చంపేది ఎండ. హెచ్‌డీపీఈ అనే గట్టి రకం ప్లాస్టిక్‌ను సన్నని పట్టీలుగా తీసి, బట్టలా నేసి, రెండు వైపులా పలుచని ప్లాస్టిక్ పూత వేస్తారు. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలు ఆ ప్లాస్టిక్‌ను లోలోపలే తెంపుతూ పోతాయి. ముందు పూత పోతుంది. అరచేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది, నేత గట్టిగానే ఉన్నా నీళ్లు దిగుతాయి. తర్వాత పట్టీలు పెళుసెక్కి, మడత పెట్టిన చోటల్లా తెగుతాయి.

దీన్ని ఆపడానికి పట్టీ తీసేటప్పుడే ప్లాస్టిక్‌లో యూవీ స్టెబిలైజర్ కలపాలి. అది కంటికి కనబడదు, చేతికి తగలదు, ఖరీదు మాత్రం ఎక్కువ. అందుకే కోత పెట్టాలనుకున్నవాడు మొదట దాన్నే కోస్తాడు. దుకాణంలో గుంజి చూపించేది ఈ రోజు ఉన్న బలం. గ్యారంటీ ఇస్తున్నది ఎండలు తిన్నాక మిగిలే బలానికి. ఈ రెంటికీ సంబంధం లేదు. అడగాల్సింది ఒక్కటే: యూవీ పరీక్ష తర్వాత ఎంత శాతం బలం మిగిలిందో చూపే ల్యాబ్ రిపోర్టు. అది లేకుండా చెప్పే ఐదేళ్లు గాలి మాటే.

అపోహ: “250 అని ముద్ర ఉంది కదా, అంటే 250 జీఎస్ఎం.”

వాస్తవం: 250 వెనక ఏముందో చూడాలి. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. మైక్రాన్, గేజ్ రెండూ మందం కొలతలు. 100 గేజ్ అంటే సుమారు 25 మైక్రాన్లు. కాబట్టి ‘500 గేజ్’ అని పెద్ద అంకె కనబడినా అది 125 మైక్రాన్లే. కొందరు అంకె మాత్రమే వేసి, కొలత పేరు వదిలేస్తారు. అది పొరపాటు అనుకోవడం మన మంచితనం.

లెక్క తేలిక. పరదా పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి 43తో భాగిస్తే, 250 జీఎస్ఎంకు రావాల్సిన కిలోలు వస్తాయి. 24×18 పరదా 432 చదరపు అడుగులు, అంటే బరువు 10 కిలోలు ఉండాలి. 8 కిలోలు తూగితే అది 200 జీఎస్ఎం, 6 తూగితే 150. టేపుతో నిజమైన కొలత తీసుకున్నాకే లెక్క వేయాలి. అంచు మడిచి కుట్టాక 24 అడుగులు 23 అయిన పరదాలు చాలా కనిపిస్తాయి. అంచులో తాడు, రింగుల బరువు కొంత ఉంటుంది, దాన్ని తీసేసి చూడాలి.

అపోహ: “బరువు సరిపోయింది, ఇక సరుకు మంచిదే.”

వాస్తవం: బరువు పెంచడానికి అగ్గువ దారి సుద్దపొడి. ప్లాస్టిక్ నీళ్లకంటే తేలిక, సుద్ద రెండున్నర రెట్లకు పైగా బరువు. సుద్ద ఎక్కువైన పరదా కాంటా మీద గెలిచి ఎండలో ఓడిపోతుంది. అంచు నుంచి వేలెడంత ముక్క కోసి, సబ్బు నీళ్లలో నలిపి, గాలి బుడగలు పూర్తిగా పోయాక మంచి నీళ్లలో ముంచి వదలండి. తేలితే సుద్ద మోతాదు తక్కువ. మునిగితే సుమారు 8 శాతం దాటి ఉందని అనుమానించాలి. రంగు పొడి వల్ల కూడా కొంత తేడా వస్తుంది కాబట్టి దీన్ని తీర్పుగా కాక ఆనవాలుగా తీసుకోండి. మడిచిన గీత తెల్లబారడం, రంగులో మచ్చలు, కాలిన వాసన ఉంటే వాడేసిన ప్లాస్టిక్‌ను మళ్లీ కరిగించి కలిపారని అనుమానం.

అపోహ: “పోయినసారి కొన్నది నాలుగేళ్లు వచ్చింది, ఇదీ వస్తుంది.”

వాస్తవం: పరదా వయసును క్యాలెండర్‌తో కాదు, ఎండలో ఉన్న రోజులతో లెక్కించాలి. ఏడాదికి నలభై యాభై రోజులు కల్లంలో పరిచి, మిగతా కాలం ఇంట్లో చుట్టి పెట్టిన పరదా నాలుగేళ్లు రావచ్చు. అదే పరదాను పశువుల కొట్టం పైకప్పుకు కడితే ఏడాది తిరగకుండానే పోవచ్చు. గ్యారంటీ ఏ వాడకానికో రాయించుకోని రైతుకు తర్వాత వినిపించే జవాబు “మీరు ఎండలో పెట్టారు” అని. పరదా ఎండలో కాక ఎక్కడ పెడతారో!

ఐఎస్ఓ 9001 ముద్ర గురించి ఒక మాట. అది కంపెనీ పని పద్ధతికి ఇచ్చేది, పరదాకు కాదు. నేసిన హెచ్‌డీపీఈ టార్పాలిన్‌కు ఉన్న ప్రమాణం ఐఎస్ 7903. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిది, ఇంకా నడుస్తుందా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది.

కొంత తప్పు వాడేవాళ్లదీ ఉంది. నాలుగు మూలలకే తాడు కట్టి వదిలేస్తే గాలి బలమంతా ఆ నాలుగు రింగుల మీద పడుతుంది. అన్ని రింగులకూ కట్టాలి. వడ్ల కుప్ప మీద నడుమ గుంత ఉండొద్దు. 24×18 పరదా మీద అంగుళం వాన పడితే వెయ్యి లీటర్లు, అంటే టన్ను నీళ్లు. ఇంకా తడి ఆరని మిర్చి మీద రోజంతా కప్పి ఉంచితే లోపలి ఆవిరికే బూజు పట్టి తాలు (రంగు పోయిన కాయ) పెరుగుతుంది. దానికి పరదాను తిట్టి లాభం లేదు.

ఇక పోట్లాట సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరైన పరీక్ష లేకుండా వస్తువు ఎంతకాలం మన్నుతుందో గ్యారంటీ ఇవ్వడం అన్యాయపు వ్యాపార పద్ధతి. పరీక్ష చేశామని అంటే రుజువు చూపాల్సింది అమ్మినవాడే, రైతు కాదు. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే లెక్క. అందుకే కొనేరోజే బిల్లు మీద సైజు, జీఎస్ఎం, ఐఎస్ నంబరు, ఎన్నేళ్ల గ్యారంటీ, ఏ వాడకానికి అన్నవి రాయించండి. “నోటిమాట చాలు” అనే దుకాణం నుంచి కదలడమే మేలు.

పరదా ముందే పోతే తేదీ కనబడేలా ఫొటోలు తీసి, దుకాణానికీ తయారీ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా కూడా ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. తన బతుకుదెరువు వ్యవసాయానికి కొనుక్కున్న రైతు చట్టం దృష్టిలో వినియోగదారుడే.

చిరిగిన పరదాను పారేయొద్దు. ఎండ తగిలిన చోటు నుంచి ఒక ముక్క, అంచు మడతలో ఎండ తగలని చోటు నుంచి ఒక ముక్క చూపించగలిగేలా పరదాను అలాగే చుట్టి నీడలో ఉంచండి. ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ను కోరినప్పుడు ఆ రెండు చోట్ల బలంలో తేడాయే మీ సాక్ష్యం.