పిట్ట మెదడు: అపోహలు, వాస్తవాలు

పక్షుల పాట మీద పరిశోధన చేస్తున్నానంటే, "అంత చిన్న తలలో చూడటానికేముంది?" అని అడుగుతారు. ఎంతో ఉంది.

అపోహ: మెదడు చిన్నది కాబట్టి తెలివీ తక్కువే.

వాస్తవం: తూకం చూసి పొరబడతాం. పక్షి మెదడులో నాడీకణాలు చిన్నవి, కిక్కిరిసి ఉంటాయి. 2016లో వెలువడిన లెక్కల ప్రకారం నీలి-పసుపు మకావ్ చిలక మెదడు సుమారు 20 గ్రాములే. నేర్చుకోవడానికి, ఆలోచించడానికి ఆధారమైన పైభాగంలో మాత్రం దాదాపు 190 కోట్ల నాడీకణాలున్నాయి. మూడింతలకు పైగా బరువుండే రీసస్ కోతి మెదడులో ఆ పని చేసే పొరలో ఉన్నవి సుమారు 170 కోట్లు.

అపోహ: పిట్టకు పాట పుట్టుకతోనే వస్తుంది.

వాస్తవం: నా రోజంతా జీబ్రా ఫించ్‌లనే చిన్న గానపక్షుల మధ్యే గడుస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. గూడు విడిచిన మగ పిల్ల తండ్రి దగ్గర కూర్చుని వింటుంది. నెల దాటాక గొంతు విప్పుతుంది. మొదట వచ్చేవి తెగిపోయే, గరగరలాడే ముక్కలు. పసిపిల్లల ముద్దుమాటల్లా వాటికి వరుస ఉండదు. విన్నదానితో తన గొంతును పోల్చుకుంటూ, దిద్దుకుంటూ మూడు నెలలకు పాటను ఖాయం చేసుకుంటుంది. పెద్ద పక్షి పాట వినకుండానే పెరిగితే ఆ పాట అవకతవకగా తయారవుతుంది.

పాడేటప్పుడు నాడీకణాలు ఏ వరుసలో స్పందిస్తాయో, నిద్రలోనూ అప్పుడప్పుడు అదే వరుసలో స్పందిస్తాయి. ముక్కు కదలదు, గొంతు పలకదు. మెదడు పాటను నెమరు వేసుకుంటుంది. ఆ నాడీకణాల సంకేతాలు స్పీకరులో టపటపమని వినిపిస్తుంటే మా గదిలో ఎవరమూ మాట్లాడం.

అపోహ: కోకిల కూడా అలాగే నేర్చుకుంటుంది.

వాస్తవం: నేర్చుకోదు. కాకి గూటిలో పెరిగినా, పెద్దయ్యాక కోకిల కూతే కూస్తుంది. నేర్చుకుని పలికే పక్షులు ముఖ్యంగా మూడు వర్గాలు: గానపక్షులు, చిలకలు, హమ్మింగ్ బర్డ్‌లు. కోకిల వీటిలో లేదు. మనం కోకిలమ్మ అంటాం కానీ, "కుహూ" అనేది నల్లటి మగ పక్షి. దాన్ని పెంచిన కాకి మాత్రం గానపక్షుల వర్గానిదే!

అపోహ: కాకి కంటికి మనుషులంతా ఒకటే.

వాస్తవం: అమెరికాలోని సియాటిల్‌లో 2006లో శాస్త్రవేత్త జాన్ మార్జ్‌లఫ్ బృందం గుహమానవుడి మాస్కు పెట్టుకుని ఏడు కాకులను పట్టి, గుర్తుగా కాళ్లకు పట్టీలు వేసి వదిలేసింది. ఆ తర్వాత ఆ మాస్కుతో ఎవరు నడిచినా కాకులు ఏళ్ల తరబడి అరుస్తూ వెంటపడ్డాయి. ఎన్నడూ పట్టుబడనివి కూడా వాటితో గొంతు కలిపాయి. తర్వాత కాకుల మెదళ్లను స్కాన్ చేసినప్పుడు, తమను పట్టిన ముఖం కనిపిస్తే భయానికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. మేత పెట్టిన ముఖానికి స్పందించిన భాగాలు వేరు.