నలుగురిని దాటించినవాడే ఫార్వర్డా? హాకీ దాడిపై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో సాయంత్రం పూట పిల్లలకు హాకీ నేర్పుతుంటాను. మట్టి గ్రౌండ్. పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. దాడి గురించి ఏళ్ల తరబడి వింటున్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డ్రిబ్లింగ్‌లో నలుగురిని దాటించినవాడే మంచి ఫార్వర్డ్ (దాడి చేసే ఆటగాడు).

గట్టు మీద కూర్చున్న నాన్నలంతా చప్పట్లు కొట్టేది వాడికే. మనవాడు బంతిని అటూ ఇటూ తిప్పుతుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ వాడు తిప్పే ప్రతి తిప్పుకీ అవతలి డిఫెండర్లలో ఇంకొకడు వెనక్కి చేరుకుంటాడు. ఆరో టచ్‌కి డి (గోల్ ముందు అర్ధవృత్తంలా గీసిన గీత లోపలి చోటు) ముందు ఆరుగురుంటారు. పైగా మా గ్రౌండ్‌లో గులకరాయి తగిలితే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకే అవతలి గోల్ గీతకు 23 మీటర్ల దూరంలో ఉండే గీత దాటాక మూడు టచ్‌లలో బంతి డిలోకి వెళ్లాలని రూల్ పెట్టాను. మొదటి వారం అందరూ అలిగారు. ఒకడైతే స్టిక్ పారేసి ఇంటికి పోయాడు.

అపోహ: సూటిగా ఆడడమంటే గుడ్డిగా బాదేయడం.

కాదు. డి లోపల మన స్టిక్ తగిలితేనే గోల్. బయటి నుంచి ఎంత గట్టిగా కొట్టినా, లోపల మనవాడు ఎవరూ తాకకుండా వలలో పడితే లెక్కలోకి రాదు. కాబట్టి కొట్టినవాడిది సగం పనే. ఒకడు దగ్గరి పోస్టు దగ్గర స్టిక్ నేలకు ఆనించి ఉండాలి, ఇంకొకడు దూరపు పోస్టు వైపు పరుగెత్తాలి, మూడోవాడు గోల్‌కీపర్ ప్యాడ్లకు తగిలి తిరిగొచ్చే బంతి కోసం కాచుకోవాలి. గోల్ పడకపోయినా డి లోపల డిఫెండర్ కాలికి తగిలితే పెనాల్టీ కార్నర్ దక్కుతుంది, అంటే గోల్ గీత మీద నుంచి బంతిని డి బయటున్న మనవాళ్లకు నెట్టి గోల్‌కి కొట్టే అవకాశం. 2024 పారిస్ ఒలింపిక్స్ కాంస్య పోరులో స్పెయిన్‌పై మనం 2-1తో గెలిచాం. ఆ రెండు గోల్సూ హర్మన్‌ప్రీత్ సింగ్ పెనాల్టీ కార్నర్ల నుంచి కొట్టినవే. నా నోటుబుక్‌లో గోల్ పక్కన రెండు పేర్లు రాస్తాను, లోపలికి కొట్టినవాడిదీ, తాకించినవాడిదీ. అప్పటి నుంచి అలకలు తగ్గాయి.

అపోహ: ఐస్ హాకీ చూస్తే మనకేం వస్తుంది?

ఫోన్లో చూసి నేను చాలా నేర్చుకున్నాను. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) రింక్, అంటే మంచు మైదానం, పొడవు సుమారు 61 మీటర్లు, వెడల్పు 26 మీటర్లు. గోలీని పక్కన పెడితే జట్టుకు ఐదుగురే, అయినా చోటు ఇరుకే. నీలి గీత (దాడి చేసే భాగం మొదలయ్యే గీత) దాటి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) లోపలికి వెళ్లకముందే దాడిచేసేవాడు వెళ్తే ఆఫ్‌సైడ్. ఆ గీత దగ్గర సొగసులు పోయి పక్ పోగొట్టుకుంటే మనవాళ్లంతా ముందుంటారు, ఎదురుదాడికి దారి ఖాళీ. అందుకే దారి దొరకనప్పుడు పక్‌ను మూలకు కొట్టి వెంటపడతారు. దొరికిందా, నేరుగా గోల్ మీదికే. గోలీకి పక్ కనబడకుండా ముందు ఒకడు నిలబడతాడు.

ఇక్కడే నేనో తప్పు చేశాను. మావాడినీ అలాగే కీపర్ ముందు నిలబెట్టాను. వాడు డిఫెండర్‌కు అడ్డం తిరిగాడు, విజిల్ పడింది. మన హాకీలో ఒంటితో అడ్డుకుంటే ఫౌల్. బదులుగా మనకో సౌకర్యం ఉంది. ఆఫ్‌సైడ్‌ను 1990లలోనే తీసేశారు. ఫార్వర్డ్ పోస్టు దగ్గర ఎంతసేపైనా ఉండొచ్చు. ఉండమంటే ఉండరు, బంతి ఎక్కడుంటే అక్కడికే అందరూ, బెల్లం చుట్టూ చీమల్లా.

అపోహ: డ్రిబ్లింగ్ నేర్పడం దండగ.

అదీ తప్పే. వింగ్‌లో (మైదానం పక్క అంచున) ఒక్క డిఫెండరే ఎదురై, వెనక ఖాళీ ఉంటే దాటించాల్సిందే.

అపోహ: మట్టిలో నేర్చుకున్న ఆట టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద పనికిరాదు.

ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కొట్టాలో రెండు చోట్లా ఒకటే. మారేది బంతి వేగం. ఒలింపిక్స్‌లో 1976 నుంచీ కృత్రిమ టర్ఫే. మొదటి టచ్‌లో బంతి ఆగకపోతే అక్కడ ఏ ప్లానూ సాగదు. అందుకే ట్రయల్స్‌కి వెళ్లే పిల్లల చేత బడి సిమెంటు వరండాలో బంతి ఆపించి ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ఆ చప్పుడు హెడ్‌మాస్టారికి నచ్చదు. అందుకని ఆదివారాలే.